జ్ఞానమణి అసలు వయసు

ప్రేమజ్యోతి పట్టిందంటే వదలదని కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లో పేరు. ఆశా కార్యకర్తగా చేరిన మొదటి ఏడాదే ఒక ముసలావిడ మనవడికి పోలియో చుక్కలు వేయించనని తలుపేసుకుంటే, ఆ గడప మీదే మూడు గంటలు కూర్చుంది. పొయ్యి బయట వసారాలో ఉండటంతో చివరికి ఆ ముసలావిడే తలుపు తీయక తప్పలేదు. భర్త ఏసన్న బేతంచెర్లలో బండల పాలిష్ పని చేస్తూ నెలకోసారి ఇంటికొస్తాడు. మిగతా రోజులు ఇంట్లో ఉండేది తనూ, తల్లి జ్ఞానమణీ. తల్లికీ మొండితనం తక్కువేం కాదు. కూతురికి అది ఊరికే రాలేదు.

2009లో తొలకరి వేళ కర్నూలు నుంచి పద్మప్రియ అనే అమ్మాయి ఐసు డబ్బా పట్టుకుని వచ్చింది. బట్టల కొట్టున్న ఇంటి పిల్ల, పరిశోధన చేస్తోంది. పల్లెలో నలభై మంది పెద్దవాళ్ల రక్తం కావాలంది.

"మన కణాల్లో శక్తిని తయారుచేసేవి మైటోకాండ్రియాలు అక్కా. అవి అమ్మ నుంచే మనకొస్తాయి. వాటిలో హ్యూమానిన్ అనే చిన్న పెప్టైడు, అంటే ప్రొటీను తునక లాంటిది, పుడుతుందట. మెదడు కణాలు చచ్చిపోకుండా అది కాపాడుతుందేమోనని చూస్తున్నారు. వయసు పెరిగేకొద్దీ రక్తంలో అది తగ్గుతుందా అన్నది నేను తేల్చాలి."

ప్రేమజ్యోతి ఇల్లిల్లూ తిప్పింది. వయసులు రేషను కార్డుల్లో చూసి రాసిచ్చింది. ఒక ఇంట్లో పెద్ద ఈరన్న అనే ముసలాయన సూదికి చెయ్యి చాపుతూ, పక్కనే నిలబడ్డ కొడుకు చిన్న ఈరన్నను చూసి, "నువ్వెవరప్పా? మా వోడు యాడికి పోయినాడు?" అని అడిగాడు. కొడుకు తండ్రి చెయ్యి కదలకుండా పట్టుకున్నాడు. "ఇట్లాంటి వాళ్లకు ఎప్పటికైనా మందు రావాలనే కదా అక్కా ఇదంతా" అంది పద్మప్రియ బయటికొచ్చాక.

రెండు నెలలకు ఆ పిల్ల మళ్లీ వచ్చింది, ముఖం వెలిగిపోతోంది. "అక్కా, అందరి రక్తం ఒకెత్తు, మీ అమ్మగారిది ఒకెత్తు! డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో అరవై ఏళ్లావిడకు ఉన్నంత హ్యూమానిన్ ఉంది. ఆమె తల్లి వైపు వాళ్లందరినీ చూడాలి!"

ఇక జ్ఞానమణిని పట్టడం ఎవరి తరమూ కాలేదు. పిండి మిషను దగ్గర, చర్చి మెట్ల మీద, కుళాయి వరసలో, ఎక్కడైనా అదే మాట. "కర్నూలు డాక్టరమ్మ చెప్పింది, నా రగతమే వేరంట." ప్రేమజ్యోతి మాత్రం ఆ మాట వినపడితే పక్క సందులోకి తప్పుకుంది. ఎందుకంటే ఆ వయసు రాసింది తనే. మూడేళ్ల కిందట పింఛనుకు అరవై ఐదు నిండాలన్నారు. సరిగ్గా అంతే రాసినవాళ్లను మండలాఫీసులో ముఖం చూసి, ఐదారేళ్లు తగ్గించి వెనక్కి పంపుతున్నారని విని, ఎందుకైనా మంచిదని పింఛను కాగితంలోనూ రేషను కార్డులోనూ డెబ్బై ఐదు వేసేసింది. ఊళ్లో చాలామంది అదే పని చేశారు.

నోరు మూసుకుంటే పింఛనూ ఉంటుంది, అమ్మ గొప్పా ఉంటుంది. మూడు రోజులు అలాగే మూసుకుంది. కానీ కళ్లు మూస్తే కొడుకును గుర్తుపట్టని పెద్ద ఈరన్నే కనిపించాడు. రేపు ఆయనకిచ్చే మందు తన అబద్ధం మీద తయారవుతుందా? నాలుగో రోజు పాస్టరు ఇంటికి పోయి పాత బాప్తిస్మపు రిజిస్టరు తీయించింది. జ్ఞానమణి, పసిబిడ్డ, 1946. అంటే అరవై మూడు.

తల్లికి చెబితే ఇల్లు అదిరిపోయింది.

"పింఛను పోతే ఎవరు పెడతారే నాకు? నీ మొగుడా?"

"నేను పెడతా."

"ఊర్లో నన్ను ఇంత మందిలో ఒకరు మెచ్చుకుంటే నీ కండ్లు మండినాయా?"

ఆ మాట ప్రేమజ్యోతికి గుచ్చుకుంది. అయినా ఆ పూటే పద్మప్రియకు ఫోను చేసింది. అమ్మ అసలు వయసు చెప్పేసింది.

"ఇంకా ఎంతమంది అక్కా ఇట్లా?"

"శానా మంది ఉండారు మేడమ్. నేనే అందర్నీ మళ్లా అడిగి రాసిస్తా. నాకు నెల దినాలు ఇయ్యండి."

ఇల్లిల్లూ తిరిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. పింఛనులు కొట్టేయడానికి ఆఫీసు వాళ్లే పంపారనుకున్నారు. ఆదివారం ప్రార్థన అయ్యాక ప్రేమజ్యోతి లేచి నిలబడింది. "మా అమ్మకు అరవై మూడేండ్లు. డెబ్బై ఐదని దొంగలెక్క రాసింది నేను. మీ పేర్లు ఏ కాయితంలోనూ ఉండవు, నంబర్లే ఉంటాయి. నిజం చెప్పండి. ఈ లెక్క తప్పయితే రేపు మనోళ్లకొచ్చే మందే తప్పయితాది." జ్ఞానమణి మధ్యలోనే లేచి బయటికి పోయింది. ఆ సాయంత్రం మొదట తలుపు తట్టింది విశ్వాసమ్మ, పక్కింటి పెద్దావిడ. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. రిజిస్టరులో లేనివాళ్లను 1953లో కర్నూలు రాజధాని అయినప్పుడు నీకు పెళ్లయిందా, పాలు తాగుతున్నావా అని అడిగి లెక్క కట్టింది. నలభై మందిలో ఇరవై ఏడుగురి వయసులు మారాయి.

చర్చిలో చెప్పిన మాట ఎవరు మోశారో గానీ మండలాఫీసుకు చేరింది. పింఛను ఆగిపోయింది, ఒక్క జ్ఞానమణిదే. ప్రేమజ్యోతి ఎవరి మీదా నోరు చేసుకోలేదు. పగలు ఆశా పని, సాయంత్రం శెనక్కాయలు వలిచే పని. తల్లి మాట్లాడటం మానేసింది. పళ్లెం ముందు పెడితే తింటుంది, అంతే.

రెండు నెలలు గడిచాక పద్మప్రియ గ్రాఫు గీసిన కాగితం తెచ్చి చాప మీద పరిచింది. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. వయసు పెరిగేకొద్దీ చుక్కలు మెల్లగా కిందికి దిగుతున్నాయి.

"నాది యాడుండాది?" అంది జ్ఞానమణి.

పద్మప్రియ వేలు పెట్టి చూపింది. "ఇదిగో అవ్వా. మీ ఈడు వాళ్ల మధ్యలోనే."

"అందరి మాదిరేనా?"

"అవును."

జ్ఞానమణి ఆ చుక్కను వేలితో తడిమింది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"అరవై మూడు. నువ్వు ఆ కాయితం రాసినప్పటి నుంచి నేను చేను మొగం చూళ్లేదు. ఆఫీసరు కంట్లో పడితే పింఛను పోతాదని ఇంట్లో కూసోబెడితివి. చేతికర్ర గూడా నువ్వే తెస్తివి. మూడేండ్లు ముసిల్దాని మాదిరి నడిచి నడిచి, ఇప్పుడు లేసేటప్పుడు నిజంగానే గోడ పట్టుకుంటాండాను మే."

తప్పు కాగితం మీదే ఉందనీ, దాన్ని దిద్దేశాననీ ప్రేమజ్యోతి ఇన్నాళ్లూ అనుకుంది. పద్మప్రియ ముందే, ఆపుకోకుండా ఏడ్చింది.

మర్నాడు పొద్దున శెనగ చేన్లకు కూలికి పోయే ఆడవాళ్ల ఆటో వీధిలోకి వచ్చింది. జ్ఞానమణి చేతికర్ర లేకుండా, మూడుసార్లు ఆగి ఆగి నడిచి, ఆటో ఎక్కింది. ఆమె వదిలేసిన చేతికర్ర పట్టుకుని ప్రేమజ్యోతి గడపలోనే నిలబడింది.