నిషేధంలో వేట

రాముకి చిన్నప్పటి నుంచీ ఫోటోలో మధ్యన నిలబడే జబ్బు ఉంది. పెళ్ళిలో పెళ్ళికొడుకుని, గంగమ్మ పండగలో పూజారిని పక్కకి జరిపైనా సరే మధ్యకి వచ్చేసేవాడు. ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద కళాసీగా చేరిన కొత్తలోనే బోటు వెనక తన పేరు రంగుతో రాసుకున్నాడు. యజమాని చెరిపించాడు. రాము మళ్ళీ రాశాడు. ఎప్పటికైనా తను పెద్ద నాయకుడినవుతానని, అప్పుడు ఆ బోటుని జనం వెతుక్కుంటూ వచ్చి చూస్తారని అనేవాడు. వలలు బాగుచేసే గురువులుకి ఈ మేనల్లుడంటే ముద్దే. కాకపోతే వాడేం చెప్పినా సగం తీసేసి వినేవాడు.

పోయినేడు వేసవిలో చెప్పిన మాటలో మాత్రం ఏ సగం తీసెయ్యాలో అతనికి అంతుపట్టలేదు.

సరిహద్దులో యుద్ధం జరుగుతున్న రోజులవి. తెలియని పడవ కనిపిస్తే వెంటనే చెప్పమని ఒడ్డంతా మైకుల్లో చాటారు. అలాంటి ఒక సాయంత్రం గురువులు కొడుకు సింహాద్రిని, రక్తమోడుతున్న కుడిచెయ్యి గుడ్డలో చుట్టి, రాము ఆసుపత్రికి మోసుకొచ్చాడు. నడిమి వేళ్ళు మూడూ పోయాయి. గుమ్మంలో ధనశ్రీ అనే టీవీ అమ్మాయి మైకు పెట్టగానే రాము చెప్పేశాడు.

"నానూ బావా ఏటకెల్లాం. లైట్లు లేని పడవొకటి కనబడ్డాది. ఎంటబడ్డాం. అది మా పడవని గుద్దీసి పారిపోనాది."

సముద్రం మీద బతికేవాళ్ళకి వేట అంటే చేపలు పట్టడం. ఒడ్డు దాటితే చాలు, నోటికి ఆ మాటే వస్తుంది. ధనశ్రీది వేరే ఊరు. ఆమెకి వేట అంటే వేటే. శత్రువుని వేటాడిన కుర్రాడని వార్త వచ్చింది. తెల్లారేసరికి రాము 'వేట రాము' అయిపోయాడు. పెందుర్తి నుంచి తగరపువలస దాకా దండలు వేశారు. ఆమె పొరపాటుని రాము దిద్దలేదు. ఎందుకు దిద్దుతాడు, అందరూ కలిసి మధ్యన నిలబెడుతుంటే?

గురువులుకి ఆ మాట దగ్గరే ముల్లు గుచ్చుకుంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలం, వేట నిషేధం. మోటారు పడవలన్నీ కట్టేసి ఉంటాయి, వలలన్నీ ఒడ్డుకెక్కి బాగుచేతకి వస్తాయి. సింహాద్రి వల ఆ సాయంత్రం గురువులు ఒళ్ళోనే ఉంది. కొడుకుకి దెబ్బ తగిలిందన్న కబురు వినగానే దాన్ని తోసేసి పరిగెత్తాడు. మరి వీళ్ళు వేటకెళ్ళిందేమిటి?

అప్పటి నుంచి చెవులు రిక్కించి వినడం మొదలుపెట్టాడు. లైట్లు లేని పడవకి రెండో సభలో పచ్చ లైటు వచ్చింది. ఒక పెళ్ళి పందిట్లో పడవలు రెండయ్యాయి. గురువులు కొడుకునే అడిగాడు.

"ఏటి జరిగిందిరా?"

"రాము సెప్పాడు కదా నానా. ఒగ్గెయ్."

వదిలెయ్యమన్నకొద్దీ అనుమానం పెరిగింది. దొంగసరుకేమైనా దింపడానికెళ్ళారా? ఎవరితోనైనా గొడవపడ్డారా? కన్నకొడుకు లేనప్పుడు మంచం కింద తడిమాడు, పడవలోకి వంగి వాసన చూశాడు. తనమీద తనకే అసహ్యం వేసింది. ఎడమచేత్తో తినడానికి సింహాద్రికి మనసొప్పదు. రోజూ గురువులే అన్నం కలిపి ముద్దలు పెట్టాలి. దేశం కోసం పోయాయంటే గుండె రాయి చేసుకునేవాడు. ఆ వేళ్ళు ఎందుకు పోయాయో తెలియకుండా ముద్ద పెట్టడమే అతని వల్ల కావడం లేదు.

ఇంతలో ఒక పార్టీవాళ్ళు రాముని వార్డు ఎన్నికల్లో నిలబెట్టారు. హార్బర్‌లో సభ పెట్టారు. ఆ ఉదయం రాము కొత్త చొక్కా పట్టుకుని వచ్చాడు.

"మావా, మైకులో ఒక ముక్క సెప్పాల. నా కొడుకు సేతేళ్ళు దేశానికిచ్చానని."

"దేశానికేనా ఇచ్చాను?"

రాము ఆ చొక్కా అతనికి తొడిగాడు. మేనమామ కాలరు సర్దాడు, అదీ మొహంలోకి చూడకుండా.

సభలో రాము మధ్యన కూర్చున్నాడు. ఒక పక్క సింహాద్రి, చేతిమీద శాలువాతో. రెండో పక్క గురువులు. రాము లేచి కథ అందుకున్నాడు. "ఆ రోజు నానూ బావా వల లాగతన్నాం..." ఈసారి కథలోకి వల కూడా వచ్చింది. మైకు గురువులు చేతికిచ్చారు.

"అల్లుడూ, ఏ వల?" అన్నాడు గురువులు.

ముందు వరసల్లో కూర్చున్న పార్టీవాళ్ళు అలవాటుగా చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ హార్బర్ జనం మాటలు ఆపేశారు. చేపలమ్మే పోతమ్మ పక్కావిడతో అన్నది అందరికీ వినిపించింది. "అవును, నిసేదంలో ఏటకెలాగెల్లారే?"

"మీ వలే మావా. నువ్వే కదా బాగుసేసిచ్చావు," అని నవ్వాడు రాము.

"అది నా ఒళ్ళో ఉంది."

రాము మైకు లాక్కుని గురువులు భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "కొడుక్కి దెబ్బ తగిలిన కాడ్నుంచీ మా మావకి మతి నిలకడ లేదు," అన్నాడు, జనం వైపు తిరిగి. మళ్ళీ చప్పట్లు. ఎత్తుకుని పెంచిన పిల్లాడు పదిమందిలో పిచ్చివాణ్ణి చేస్తే గురువులు తల దించుకున్నాడు.

అప్పుడు సింహాద్రి లేచాడు. శాలువా జారిపోయింది. తండ్రి దగ్గరకొచ్చాడు. మైకు పక్కనే ఉంది.

"వల లేదు నానా. సెల్లుంది."

రాము గురువులు భుజం మీంచి చెయ్యి తీసేశాడు.

"జెండా అట్టుకుని ముందు నిలబడతాను, యుద్ధవోడ కనబడేలా ఈడియో తియ్ బావా అన్నాడు. ఒక సేత్తో మోటారు, ఒక సేత్తో సెల్లు. మజ్జిన పడతన్లేదు, ఇంకాస్త పక్కకి పోనీ అన్నాడు. నాను సెల్లులో ఈడ్నే సూత్తన్నాను. రాళ్ళగట్టు సూళ్ళేదు. పడవకీ రాయికీ మజ్జిన నా సెయ్యి పడింది."

"మరి నాకెందుకు సెప్పలేదురా?"

"ఈడియో కోసం పోనాయంటే నువ్వు తట్టుకోలేవనుకున్నాను."

గురువులు కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. హార్బర్ జనం దారిచ్చారు.

అయినా రాము గెలిచాడు. వార్డులో హార్బర్ ఒక మూల మాత్రమే. మిగతా వీధులకి వేట నిషేధం ఎప్పుడో ఎవరికి కావాలి? విజయం ఊరేగింపు వలల షెడ్డు పక్క నుంచే వెళ్ళింది. వ్యాను మీంచి రాము అదే కథ చెబుతున్నాడు. ఇప్పుడందులో వల లేదు, గస్తీకెళ్ళానంటున్నాడు. బావా లేడు. పడవలో తనొక్కడే.

షెడ్డులో మధ్యాహ్నం భోజనం దగ్గర తండ్రీకొడుకులిద్దరూ అది విన్నారు.

"పోన్లే నానా, ఈసారైనా నన్ను ఒడ్డు మీదే ఒగ్గేశాడు," అన్నాడు సింహాద్రి.

నిజం తెలిస్తే ముద్ద పెట్టడం తేలికవుతుందనుకున్నాడు గురువులు. కాలేదు. అయినా ముద్ద కలిపి కొడుకు నోటికి అందించాడు.