నాకైతే సాఫ్ ఇనపడ్తుంది

ఈ రోజు పొద్దున నేను నవ్వాను. ఈ రోజు నేను చేసిన తప్పు అదే.

మీకు అది తప్పులా కనిపించకపోవచ్చు. కానీ దాని వెనక ఆరేళ్లుగా నేను మోస్తున్నది ఒకటుంది. ముందు అది చెబితే తప్ప ఈ నవ్వు ఎంత నీచమైనదో తెలియదు. ఇంతవరకు నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

మాది తిమ్మాజిపేట దగ్గర. ఇరవై ఏళ్లకు పైగా గద్వాలలో ఉంటున్నాను. పెళ్లిళ్లకూ సభలకూ సౌండు పెట్టడం నా పని. చిన్న దుకాణం కూడా ఉంది. మైకులు, స్పీకర్లు బాగుచేస్తాను. ఏది కొనుక్కోవాలో అడిగితే చెబుతాను. మా వైపు సౌండు సంగతి వస్తే నా మాటే ఆఖరు మాట. నేను చేసిన పాపం మొత్తం ఆ నమ్మకం మీదే నిలబడింది.

పొద్దున గోపాల్‌పేట నుంచి ఒక సారు వచ్చాడు. బడిలో లెక్కలు చెబుతాడు, ఇంట్లో గిటారు నేర్చుకుంటున్నాడు. కొత్తగా డిజిటల్ మోడలర్ కొన్నాడట. చేతిలో పట్టేంత పెట్టె అది. గిటారు వైరు దానికి తగిలిస్తే పెద్ద పెద్ద ఆంప్లిఫయర్ల శబ్దాన్ని అచ్చంగా అనుకరిస్తుంది. కానీ దానికి సొంత గొంతు లేదు. స్పీకరు మనమే చూసుకోవాలి. ఇంట్లో వాయించుకోవడానికి ఏ స్పీకరైతే బాగుంటుందని సారు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్న వీరన్న అందుకున్నాడు.

"సారూ, స్పీకరు సంగతి తర్వాత. ముందుగాల చెవులు చూపిచ్చుకో. నా లెక్క చెవులు ఖరాబైతే ఏ స్పీకరు తెచ్చినా గొంగట్ల దూరి పాడినట్టే ఉంటది."

సారు నవ్వాడు. వీరన్న తన చెవి తానే మెలిపెట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను.

వీరన్న చెవులు ఖరాబు కాలేదు. ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

వీరన్న అన్నది అతని అసలు పేరు కాదు. మిగతాదంతా నిజమే. అతను చీరలు నేసే మనిషి. ముందుగదిలో గుంట మగ్గం ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు మేమిద్దరం వనపర్తిలో ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాళ్లం. అతను ముందు నిలబడి పాటలోని స్వరమంతా వాయించేవాడు. నేను వెనక నిలబడి తాళానికి తగ్గట్టు తీగలు గీకేవాణ్ని. ఆర్కెస్ట్రా మూతపడ్డాక అతను మగ్గంలోకి దిగాడు, నేను సౌండులోకి వచ్చాను. అతను గిటారు ముట్టలేదు. నేను రోజూ వాయిస్తూనే ఉన్నాను. ఒక్క రోజు కూడా మానలేదు. ఎందుకు మానలేదు? ఇష్టం వల్లనా? ఏదో ఒకనాటికి అతన్ని దాటాలనా? ఈ ప్రశ్న అప్పట్లో వేసుకుని ఉంటే బాగుండేది.

ఆరేళ్ల కిందట హైదరాబాదులో పనిచేసే అతని కూతురు ఒక గిటారూ ఒక మోడలరూ తెచ్చి ఇచ్చింది. ఆర్కెస్ట్రాలో గిటారు వాయించిన రోజుల గురించి తండ్రి చెబితే వింటూ పెరిగిన పిల్ల. వీరన్న నా దగ్గరికి పరుగున వచ్చాడు. దానికి ఇంట్లో ఉన్న బ్లూటూత్ స్పీకరు తగిలించాడట.

"తమ్మీ, ఆ పరేషాన్ చూడలేక వచ్చిన. తీగ ఈడ మీటుతుంటె సప్పుడు జర ఆగి ఆగి ఆడికెల్లి వస్తుంది. నేనేమన్న బస్సుకు చెయ్యెత్తుతున్ననా, ఆగుతదో ఆగదో అని చూడనీకి?"

ఇద్దరం పగలబడి నవ్వాం. ఇంట్లో తక్కువ శబ్దంతో వాయించుకునేవాడికి స్టూడియో మానిటర్లు అనే స్పీకర్ల జత సరిపోతుంది. అవి చిన్నవి, తమ సొంత రంగు కలపవు, ఉన్నది ఉన్నట్టు చెబుతాయి. నేను ఇంట్లో వాడేవీ అవే. ఆ మాట చెబుదామనే మరునాడు మధ్యాహ్నం అతని ఇంటికి వెళ్లాను. ఇది నిజం. వెళ్లేటప్పుడు నా మనసులో చెడు లేదు.

"ముందు చెవుల పెట్టుకొని ఇను" అని హెడ్‌ఫోన్లు నాకిచ్చి అతను వాయించాడు.

పదిహేనేళ్లు గిటారు ముట్టని చేతులవి. మొదట తడబడ్డాయి. తర్వాత తడబడలేదు. ఒక్కో స్వరం నీళ్లలో వేసిన రాయిలా స్పష్టంగా దిగుతోంది. రెండు స్వరాల మధ్య అతను ఆగే చోటు ఒకటుంటుంది. నేను పదిహేనేళ్లుగా వెతుకుతున్న చోటు అది. అతను వెతకలేదు. అతనికి అది పోనే లేదు.

నేను హెడ్‌ఫోన్లు తీసి కింద పెట్టాను. "అన్నా, కొత్తయి ఎందుకు? మన ఆర్కెస్ట్రా నాటి గిటారు డబ్బా నా దగ్గరే ఉన్నది. అది తెచ్చిస్త" అన్నాను.

ఆ డబ్బా అంటే ఆంప్లిఫయరూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉండే పాత గిటారు ఆంప్. తేగానే దాన్ని చూసి అతని కళ్లు చెమర్చాయి. ఊరికే ఇస్తున్నానని తన భార్యను, మా వదినను, పిలిచి మరీ చెప్పాడు. ఆ కృతజ్ఞతను కూడా నేను తీసుకున్నాను.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. మోడలర్ తెర మీద వరసగా బొమ్మలుంటాయి. చివర చిన్న డబ్బా బొమ్మ. అది స్పీకరు డబ్బాను కూడా అనుకరిస్తుంది. మానిటర్లకు తగిలిస్తే ఆ బొమ్మ ఉండాలి. నిజమైన గిటారు డబ్బాకు తగిలిస్తే మాత్రం దాన్ని ఆపెయ్యాలి. ఆపకపోతే డబ్బా మీద డబ్బా అవుతుంది. శబ్దం మూసుకుపోయి, మొద్దుగా వస్తుంది. ఆపడానికి వేలితో ఒక్కసారి తాకితే చాలు.

నేను డబ్బా తేవడం తప్పా? అది తప్పని ఇప్పటికీ గట్టిగా అనలేను. వైర్లు తగిలించాను. వేలు ఆ బొమ్మ దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. ఎంతసేపు? ఒక ఊపిరి తీసుకునేంతసేపు. మరిచిపోయానని చెప్పుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను. మరిచిపోయిన వేలు అక్కడ ఆగదు.

అతను రెండు వరసలు వాయించి ఆపాడు.

"ఏంది తమ్మీ గిట్లస్తుంది? గొంగడి కప్పుకొని పాడినట్టు?"

"ఏమున్నదన్నా? మంచిగనే ఉన్నది గదా."

"మంచిగున్నదా? నాకు మొద్దు మొద్దుగ కొడ్తుంది."

"నాకైతే సాఫ్ ఇనపడ్తుంది" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. నేను వైరు సరిచేస్తున్నట్టు వంగాను.

"మరి చెవుల పెట్టుకుంటె మంచిగస్తుండె?"

"చెవిల పెట్టి చెప్తె ఎవరికైనా ఇనపడ్తదన్నా. దూరంది ఇనపడాలె. మగ్గం సప్పుడుల గిన్నేండ్లు కూసున్నవ్. చెవి జర అటిటు అయ్యుంటది."

నూలు కండెలు చుడుతున్న వదిన చెయ్యి ఆపి నవ్వింది. "నేను చెప్త లేనా మరిదీ? పిలిస్తె పలుకడు, అన్నం పెట్టిన్నంటె ఇనపడదు. ఇగ గిటారు సుత ఇనపడ్త లేదా? మంచిగయింది!"

ఆమె ఆటపట్టించింది. నేను చెప్పిన అబద్ధానికి ఆ ఆట సాక్ష్యమైపోయింది. వీరన్న మళ్లీ మీటాడు. తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని విన్నాడు. "నిజమే కావొచ్చు" అన్నాడు. అంత నెమ్మదిగా అతను మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

కొన్నాళ్లు వాయించాడు. హెడ్‌ఫోన్లతో వాయించుకోవచ్చు కదా అని నేనే అన్నాను, ఎంత సిగ్గులేకుండా అన్నానో. "చెవులు మూసుకొని వాయిస్తె ఎవల కోసం వాయించినట్టు?" అన్నాడు. ఆ తర్వాత గిటారు గోడకు ఎక్కింది.

నేను అనుకున్నది అంతవరకే. కానీ అక్కడితో ఆగలేదు. మీరు మగ్గం దగ్గర కూర్చుని చూశారో లేదో. పడుగులో ఒక పోగు తెగితే వీరన్నకు ముందు చెవికి తెలిసేది. అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ పోయే చప్పుడులో ఏదో తేడా వస్తుందట. చెయ్యి దానంతటదే ఆగేది. ఆ ఏడాది నుంచి అతను తన చెవిని నమ్మడం మానేశాడు. నాలుగు వరసలు నేస్తాడు, ఆగుతాడు. వంగి పోగులన్నీ కళ్లతో వెతుకుతాడు. ఏమీ తెగి ఉండదు. మళ్లీ నాలుగు వరసలు. వారంలో దిగాల్సిన చీర ఎన్నో రోజులు మగ్గం మీదే ఉండిపోయేది. వీధిలో వాళ్లు "చెవిటి వీరన్న" అని పిలవడం మొదలుపెట్టారు. అతనూ ఆ పేరుకు పలికేవాడు.

ఒకసారి కర్నూలులో చెవి దవాఖానకు వెళ్లి వచ్చాడు. నేరుగా నా దుకాణానికే వచ్చాడు. చెవులు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాడట.

"మరి ఇంకేంది అన్నా?" అన్నాను.

"ఆయనకేం తెలుసు తమ్మీ? మిషన్ల టిక్కు టిక్కుమంటె ఇనపడ్తదా అని అడిగిండు. నువ్వు సౌండుల పుట్టి పెరిగినోనివి. నీకు సాఫ్ ఇనపడ్డది, నాకు ఇనపడలే. గంతకన్న పరీక్ష ఏమున్నది?"

ఆ రోజు చెప్పి ఉండాల్సింది. చాయ్ తెప్పించాను.

ఎందుకు చెప్పలేదు? మొదట అసూయ. తర్వాత భయం. ఆ తర్వాత, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అలవాటు. అతను చెవిటివాడిగా ఉండటానికి నేను అలవాటు పడ్డాను. అతని పక్కన గట్టిగా మాట్లాడటం కూడా నేర్చుకున్నాను.

ఈ పొద్దున అతను తన చెవి మెలిపెట్టుకున్నప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వు నాకే వినిపించింది. సారుకు మానిటర్ల సంగతి చెప్పి, డబ్బా బొమ్మ ఎప్పుడు ఉంచాలో ఎప్పుడు ఆపాలో కూడా చెప్పి పంపాను. ముక్కూ ముఖం తెలియని సారుకు ఒక్క నిమిషంలో చెప్పాను. వీరన్నకు ఆరేళ్లు చెప్పలేదు. చెబుతున్నప్పుడు వీరన్న పక్కనే ఉన్నాడు. తనకు సంబంధం లేని మాటలనుకుని చాయ్ గ్లాసు కడిగి పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

దుకాణం మూశాను. ఇంటికి వెళ్లి నా మానిటర్ల జత విప్పి, ఆటోలో పెట్టుకుని వీరన్న ఇంటికి వెళ్లాను. వదిన తలుపు తీసింది. గిటారు గోడ మీంచి దించమన్నాను. శ్రుతి చేసి, మోడలర్ ద్వారా పాత డబ్బాకే తగిలించాను. "అన్నా, వాయించు" అన్నాను. మొద్దుగా వచ్చింది. తెర మీద ఆ బొమ్మను తాకాను. "మళ్ల వాయించు."

శబ్దం తెరుచుకుంది.

అతను తీగ మీద చెయ్యి పెట్టి ఆపేశాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఏం దాచలేదు. వేలు ఆగిన సంగతి, అప్పుడు నాకూ మొద్దుగానే వినిపించిన సంగతి, హెడ్‌ఫోన్లలో అతని వాయింపు విని కుళ్లుకున్న సంగతి. వదిన గోడకు ఆనుకుంది. "ఆరేండ్ల సంది ఒర్రి ఒర్రి మాట్లాడుతున్న గదయ్యా నేను" అంది.

వీరన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. "నాకు చెప్పకుంట తియ్యి, పెట్టు" అన్నాడు. వాయిస్తూ ఉన్నాడు. నేను బొమ్మను తాకుతూ ఉన్నాను.

"ఉన్నది." "తీసినవ్." "తీసే ఉన్నది, ఊకెనే వేలు పెట్టినవ్." "ఇప్పుడు పెట్టినవ్."

ఒక్కసారి కూడా తప్పలేదు. తర్వాత మానిటర్లు తగిలించి, బొమ్మ ఉంచి, వాయించమన్నాను. చాలాసేపు వాయించాడు. ఆగే చోట ఆగాడు.

గిటారు పక్కన పెట్టి, నా వైపు తిరగకుండానే అడిగాడు. "ఆ దినం ఇంటికి పోయి ఏం చేసినవ్?"

అబద్ధం చెప్పడానికి అప్పుడు కూడా సందు ఉంది. ఏడ్చానని చెప్పొచ్చు.

"గిటారు వాయించిన, అన్నా."

అతను తల ఊపాడు. లేచి మగ్గం గుంటలోకి దిగాడు. "గీ చిన్నయి ఈడనే ఉండనీ. నీ డబ్బా నువ్వు తీసుకపో" అన్నాడు.

క్షమించమని అడగలేదు నేను. అడిగే ధైర్యం లేక కాదు. అడిగితే అతను సరేనంటాడేమోనని భయమేసింది.

డబ్బా ఎత్తుకుని గడప దాటాను. వెనక మగ్గం చప్పుడు మొదలైంది. నేను ఆటో కోసం వీధిలో నిలబడి, నాలుగు వరసలకు ఆగుతుందని ఎదురుచూశాను. ఆగలేదు. పది, ఇరవై, లెక్క మరిచాను. ఆటో వచ్చి ఆగిన క్షణంలో చప్పుడు ఠక్కున నిలిచిపోయింది. నన్నే పిలుస్తాడేమోనని తలుపులోంచి చూశాను. అతని చెయ్యి అప్పటికే పడుగు మీదికి వెళ్లి, తెగిన పోగును పట్టుకుని ఉంది. ముడి వేశాడు. నా వైపు చూడలేదు. మళ్లీ నాడె విసిరాడు.

దారిలో వీధి మలుపు దగ్గర ఆటో ఆపించాను. అక్కడి చాయ్ హోటల్లో అతన్ని చెవిటి వీరన్న అని పిలిచేవాళ్లు నలుగురు కూర్చున్నారు. వాళ్లకు కూడా చెప్పాను. వీరన్న చెవులు ఎన్నడూ చెడలేదు, నేనే అబద్ధం చెప్పాను అని. ఒకడు నవ్వబోయి నా ముఖం చూసి మానుకున్నాడు.

డబ్బా ఇప్పుడు నా ఎదురుగానే ఉంది. ఇంకా దేనికీ తగిలించలేదు. ఇది రాశాను.