పది చేతిగంటల పాట

టెక్సస్‌లోని మా ప్లేనో చర్చిలో చేతిగంటలు మోగించేది ఐదుగురమే. మనిషికి రెండు గంటలు, గంటకో స్వరం. దొరికే స్వరప్రతులన్నీ పది, పన్నెండు మంది ఉన్న బృందాల కోసం రాసినవి. మాకు సరిపడేలా పాటలను కుదించి రాసే పని నా నెత్తిన పడింది. పడింది అంటున్నాను గానీ, ఎగిరి అందుకున్నాను.

మా బృందాన్ని నడిపే పెద్దావిడ రిటైరైన టీచరు, నల్లజాతి మనిషి. మణికట్టు నొప్పితో ఇక గంటలు పట్టలేనని, ఈస్టర్ తర్వాతి ఆదివారమే ఆఖరని చెప్పేసింది. ఆ రోజుకు వాళ్ల నాయనమ్మ పత్తి చేలో పాడిన స్పిరిచువల్, అంటే నల్లవాళ్ల భక్తిగీతం, కావాలంది. బానిసత్వపు రోజుల నుంచి నోటినోటా వచ్చిన పాట అది. "నువ్వే రాయాలి," అంది. వారం రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

నెల రోజులు కూర్చుని రాశాను. ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఖాళీ గడి కనిపిస్తే ఊరుకోలేను. ఇంటికొచ్చినవాళ్ల కంచం ఖాళీ అయినా అంతే, అడక్కుండా వడ్డించేస్తాను. పాటలోనూ అదే చేశాను. ఆ పాటలో ఒక గొంతు పిలిచే వరుసకీ, మిగతావాళ్లు బదులు పలికే వరుసకీ కూడా గంటలు పెట్టేశాను. చేతులు చాలక ఒక గంట దించి ఇంకోటి అందుకోవాల్సి వచ్చినా ఒక్క స్వరం వదల్లేదు.

రిహార్సల్లో పెద్దావిడ చివరిదాకా మోగించి, గంటలకు మరకలు పడకుండా వేసుకునే గ్లవ్స్ తీసి టేబుల్ మీద పెట్టింది.

"బాగుంది. కానీ బదులు కూడా గంటలే చెప్పేస్తే, ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏం చెయ్యాలి?"

నాకు ఒళ్లు మండింది. ఇంటిదాకా ఆవిడతో మనసులోనే వాదిస్తూ డ్రైవ్ చేశాను. వంటింట్లో మొదటి వరుస పాడి ఊపిరి కోసం ఆగానో లేదో, హాల్లోంచి మా ఆయన బదులు వరుస అందుకున్నాడు. నెల రోజులుగా వింటున్నాడు మరి. ఆవిడ మాట అప్పుడు బుర్రకెక్కింది.

బదులు వరుసలన్నీ కొట్టేశాను. పది గంటలూ సరిగ్గా సరిపోయాయి.

"మరి ఎవ్వరూ పాడకపోతే? ఏదన్నా బ్యాకప్ ప్లాన్ చేసుకోవచ్చు కదా," అన్నాడు మా ఆయన.

"చేసుకోను," అన్నాను. చర్చి పాటల పుస్తకంలో లేని పాటకి మా చర్చి జనం నోరు విప్పరని నాకూ తెలుసు. ఆవిడ ఆఖరి పాట నా వల్ల అభాసు పాలవుతుందేమోనని భయం కూడా ఉంది.

ఆదివారం మొదటి వరుస మోగించి, గంటలు భుజానికి ఆనించి నాదం ఆపాం. బదులు రాలేదు. ఎవరో దగ్గారు. రెండో వరుస తర్వాతా అంతే. మూడోసారి వెనక బెంచీలోంచి ఒక మగ గొంతు, శ్రుతి కూడా లేకుండా, బదులు పలికింది. మా ఆయన! నలుగురిలో హ్యాపీ బర్త్‌డే కూడా పాడని మనిషి. బదులు ప్రతిసారీ ఒకటే కాబట్టి పక్కవాళ్లూ అందుకున్నారు. తర్వాతి వరుసకి చర్చి మొత్తం పాడింది. పెద్దావిడ కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, అలాగే ఏడుస్తూ మోగించింది.

ఆఖరి బదులు అయ్యాక పాటని ముగించే ఒక్క స్వరం నా కుడిచేతి గంటది. అది మోగలేదు. జనంతో కలిసి పాడుతూ నేను దాన్ని మరిచేపోయాను. పెద్దావిడ నా వైపు తిరిగి, అదే బాగుందన్నట్టు తల ఊపింది.

ఇంటికొచ్చి ఆ స్వరాన్ని కూడా కాగితం మీద కొట్టేశాను. ఇప్పుడు ఆ పాటని ముగించేది జనమే. నేను రాసినవాటిలో నాకు అన్నిటికన్నా గర్వం ఆ కొట్టివేత మీదే.