నైలు నదికి గట్టు కట్టిన గోదావరి వాళ్ళం

ఎనిమిదో తరగతి మధ్యలో నేను బడి మానేసినప్పుడు మా సోషల్ మాస్టారు నన్ను ఆపలేదు. గేటు దాకా వచ్చి మరీ సాగనంపారు. అలాంటి నా చేతికి 2021 వేసవిలో వేల ఏళ్ళ నాటి ఈజిప్టును అప్పగించారు. ఆ సంగతి ఆయనకు తెలిసుంటే ఈజిప్టు వాళ్ళకి జాగ్రత్త చెప్పేవారు.

అప్పటికి నేను దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులోని ఒక ఎగ్జిబిషన్ వర్క్‌షాపులో మోడల్ సెక్షన్ ఫోర్‌మన్‌ని. విల్లాలకీ హోటళ్ళకీ బల్ల మీద పట్టేంత నమూనాలు చెయ్యడం మా పని. ఫోర్‌మన్ అంటే డ్రాయింగ్ ఆఫీసుకీ పనివాళ్ళకీ మధ్య నలిగే మనిషి. పైన ప్రాజెక్టు ఇంజనీరు, ఆ పైన ముదీర్, అంటే మేనేజరు. కరోనా దెబ్బకి ఆర్డర్లు పడిపోయాయి. ఒక రోజు ముదీర్ పిలిచి విషయం చెప్పాడు. ఒక స్కూలు వాళ్ళు చరిత్ర హాలు పెడుతున్నారు, దానికి పాతకాలపు నైలు లోయ నమూనా కావాలి. అది నచ్చితే హాలు మొత్తం మనకే ఇస్తారు. తిప్పి పంపితే మోడల్ సెక్షన్ ఖలాస్, అందరికీ వీసా క్యాన్సిల్.

అందరూ అంటే ఆరుగురం, అందరం గోదావరి జిల్లాల వాళ్ళమే. నాకు రిటైర్మెంటు ఎలాగూ దగ్గర పడింది. పెయింటర్ ఏసుబాబు సంగతి వేరు. అతని భార్య మరియమ్మ ఆ ఏడాదే ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఇంట్లో పనికి వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నది అప్పుడే. శుక్రవారం శుక్రవారం కలుసుకునేవారు. ఇతని వీసా పోతే మళ్ళీ చెరో దేశం.

డ్రాయింగ్ వచ్చింది. మధ్యలో నది, అటూ ఇటూ పొలాలు, పొలాల మధ్య అడ్డంగా చిన్న చిన్న వరాలు, అంటే మోకాలెత్తు మట్టికట్టలు, దిబ్బల మీద ఊళ్ళు. బల్ల కింద పంపు ఉంటుంది. వాల్వు తిప్పితే నదిలో నీరు పెరగాలి. మా వడ్రంగి సత్తిబాబు డ్రాయింగును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

“ఏటిగట్టేదండీ మేస్త్రిగారూ?”

“మర్చిపోయుంటారు,” అన్నాను.

“గట్టు మర్చిపోవడవేంటండీ బాబూ. ఏసీ గదుల్లో కూర్చుని గీసేవోళ్ళకి ఏరంటే ఏం తెలుద్ది? వరదొత్తే ఊరూ పొలం ఎల్లిపోవూ?”

ఏసుబాబు ఇంకా గట్టివాడు. ఎనభై ఆరు వరదలో అతను చంటిపిల్లాడు. తల్లి అతన్ని ఒళ్ళో కట్టుకుని ఇంటి కప్పు మీద కూర్చుందట. “గట్టు లేకపోతే నేను రంగెయ్యనండీ, ఆయ్,” అని బ్రష్షు కింద పెట్టేశాడు.

డ్రాయింగులో సందేహం వస్తే ఆఫీసుకి ఆర్.ఎఫ్.ఐ. పంపాలి. అంటే రాతలో ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకోవాలి. మేం పంపలేదు. పాపం, చదువుకున్నవాళ్ళ పరువు మనమెందుకు తియ్యాలి అనుకున్నాం. నదికి రెండు వైపులా ఫోమ్‌తో గట్టు లేపి, పైన ఎపాక్సీ, అంటే ఆరితే రాయిలా బిగిసే జిగురు, పోసి బిగించాం. రాతి కట్టు కూడా వేశాం. నాకైతే మా ఊరి ఏటిగట్టు గుర్తొచ్చి, దాని మీద ఒక సైకిలు పెడదామా అనిపించింది.

క్లయింటు ముదీర్, అంటే ఆ స్కూలు మేనేజరు, గురువారం వస్తాడు. అంతకుముందు, మంగళవారం, నిపుణురాలి పరీక్ష. ఆమె పేరు మదామ్ హనాన్, ఈజిప్టు మనిషి, ప్రాచీన చరిత్ర చదువుకున్నావిడ. ఆమె సంతకం లేనిదే నమూనా గేటు దాటదు. ఆమె ఇంగ్లిషుని మాకు తెలుగు చేసింది మా ప్రాజెక్టు ఇంజనీరు శ్రీధర్ గారు, హైదరాబాదాయన.

వాల్వు తిప్పాను. నీరు లేచి గట్టును తాకి ఆగిపోయింది. అవతల పొలం మీద తడి లేదు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు.

“ఒక్క చుక్క లోపలికి రాలేదు మదామ్,” అన్నాను.

ఆమె పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఈ గోడ ఎవరు కట్టారని అడిగింది. శ్రీధర్ గారు డ్రాయింగు వైపు, గట్టు వైపు, నా వైపు చూసి తెల్లబోయారు. ఆమె నెమ్మదిగా ఒక మాట అంది. దాన్ని ఆయన ఇంకా నెమ్మదిగా తెలుగు చేశారు.

“ఈజిప్టు మొత్తాన్నీ ఆకలితో చంపేశారంటోంది.”

తర్వాత ఆమె విడమరిచి చెప్పింది. ఆ దేశంలో వాన దాదాపు పడదు. ఎక్కడో దక్షిణాన ఇథియోపియా కొండల మీద పడిన వానకి వేసవిలో నది పొంగి పొలాలన్నిటినీ ముంచుతుంది. ముంచాలి. ఆ అడ్డు వరాలు నీటిని పళ్ళెంలో పట్టినట్టు నెలకు పైగా నిలబెట్టేవట. నీరు తీశాక మిగిలే నల్లటి ఒండ్రులో విత్తనం జల్లేవారు. అందుకే తమ దేశాన్ని నల్లనేల అని పిలుచుకున్నారు. ఏడాదిని మూడు కాలాలు చేశారు: వరద, మొలక, కోత. వరదకి ఒక దేవుడు, పొట్టా రొమ్ములూ ఉన్న మగదేవుడు. ఒడ్డున రాతిమెట్ల మీద నీటి ఎత్తు చూసి ఆ ఏడు పన్ను ఎంత వెయ్యాలో నిర్ణయించేవారు. మేమూ ఆనకట్ట దగ్గర నీటి కొలత చూసి పెరిగినవాళ్ళమే. కాకపోతే నీరు పెరిగితే మేం వణుకుతాం, పెరగకపోతే వాళ్ళు వణికేవారు. మరీ ఎక్కువ పొంగినా నష్టమేనట, అందుకే ఊళ్ళు దిబ్బల మీద.

ఏసుబాబు ముఖంలో రంగు లేదు. “వరద రాపోతే ఏడిసేవోరా?” అని శ్రీధర్ గారిని అడిగాడు. ఆయన ఔనన్నా నమ్మలేదు, మళ్ళీ అడిగాడు. “మా అమ్మ నన్నెట్టుకుని కప్పు మీద ప్రార్థన చేసిందండీ, తగ్గిపోవాలని. ఆళ్ళు రమ్మని చేసేవోరా?” చివరికి నేరుగా మదామ్‌నే అడిగాడు. మీ ఊళ్ళోకి వరద వచ్చినప్పుడు ఎలా ఉంటుందని.

తను చూడలేదంది ఆమె. ఎగువన పెద్ద డ్యాము కట్టాక పొలాల్లోకి వరద రావడమే ఆగిపోయిందట. వాళ్ళ తాత చూశాడట. ఆ వరద గురించి బతుకంతా చదివిన మనిషి దాన్ని చూడనే లేదు. ఇప్పుడు ఆమే, ఎనభై ఆరు తర్వాత కూడా వరదలు చూసిన ఏసుబాబుని అడిగింది, ఎలా వస్తుందని.

“శబ్దం ఉండదు మదామ్. ముందు చీమలొత్తాయి. తర్వాత నేల చెమ్మగిల్లుద్ది. చూసేతలికి గడప దగ్గర ఎర్ర నీళ్ళు.”

ఆమె అంతా విని, నమూనాని తిప్పి పంపడానికి నింపాల్సిన కాగితం నింపకుండానే సంచిలో పెట్టేసుకుంది. గురువారం పొద్దున్నే వస్తానని, అప్పటికి గోడ ఉంటే సంతకం చెయ్యనని చెప్పి వెళ్ళిపోయింది.

ఎపాక్సీని గ్రైండరుతో కోస్తే అదురుకి కింద నీరు పట్టే ఫైబర్ ట్రే పగులుతుంది, నీరంతా పంపు మీద పడుతుంది. సన్నపళ్ళ రంపంతో చేత్తో కొయ్యాల్సిందే. సత్తిబాబు రంపం తీసి ఏసుబాబు వైపు చూశాడు. ఏసుబాబు కొంతసేపు గట్టు దగ్గరే నిలబడ్డాడు. తర్వాత రంపం అందుకుని మొదటి కోత తనే కోశాడు.  గట్టు పోయాక పొలాలకి ఆకుపచ్చ చెరిపేసి నల్లరంగు వేశాడు. నీళ్ళలో కొంచెం ఎర్ర రంగు కలిపాడు.

గురువారం మదామ్ ముందుగా చూసి సంతకం పెట్టింది. తర్వాత క్లయింటు ముదీర్ వచ్చాడు. వాల్వు తిప్పాను. నీరు చప్పుడు లేకుండా పొలాల మీదికి పాకింది, వరాల మధ్య నిలిచింది, ఊళ్ళు దిబ్బల మీద లంకల్లా మిగిలాయి. వాల్వు మూశాక నల్లనేల తేలింది. ఆయన ఇంకోసారి తిప్పమన్నాడు. హాలు పని మాకే వచ్చింది. ఏసుబాబు వీసా రెన్యూ అయింది. నేను 2023లో అక్కడే రిటైరయ్యాను.

ఆ పని నేర్పింది ఇది. డ్రాయింగులో ఒక వస్తువు లేదంటే గీసినవాడు మర్చిపోయాడని తేల్చేసే ముందు, అది లేకుండా వాళ్ళెలా బతికారో అడగాలి. ఆ తర్వాత మా సెక్షన్‌లో ఆర్.ఎఫ్.ఐ. పంపకుండా డ్రాయింగులో లేని మేకు కొట్టలేదు.

హాలు తెరిచిన రోజు టీ తాగుతుంటే మదామ్ ఎదురుపడింది. నా నోరు ఊరుకోదు. మేం గోదావరి వాళ్ళం ఆ రోజుల్లో అక్కడుంటే మీ రాజుగారికి జన్మలో తెగని గట్టు కట్టిపెట్టేవాళ్ళమని శ్రీధర్ గారి చేత చెప్పించాను. ఆమె కప్పు కింద పెట్టి, ఆయన వైపు కాకుండా నా వైపు చూసి, దుబాయ్‌లో నేర్చుకున్న, నాకు అర్థమయ్యే హిందీలోనే అంది:

“అప్పుడు మా రాజు నీ చేత కట్టించే మొదటి సమాధి నీదే అయ్యేది, ఉస్తాద్.”