పదమూడో కమాను

హైటెక్ సిటీలో పొగమంచు దట్టంగా పడే రోజులవి. ఇప్పుడూ పడుతుందేమో, నాకు తెలీదు. ఇప్పుడు నేను ఆ వేళకి లేవను. అప్పటికి మెట్రో రాలేదు. హఫీజ్‌పేట్‌లో ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. డిసెంబరు పొద్దున మఫ్లరు చుట్టుకుని లోకల్ రైలెక్కి, ఒక్క స్టేషను దాటగానే దిగి, అద్దాల మేడల మధ్య నడుస్తుంటే పై అంతస్తులన్నీ మంచులో కరిగిపోయి, కింది నాలుగైదు అంతస్తులే భూమ్మీద మిగిలినట్టుండేవి. నా ఉద్యోగం కూడా సుమారుగా అదే స్థితిలో ఉండేది. మూడు నెలలుగా బెంచి మీద ఉన్నాను. (బెంచి అంటే పని లేకుండా జీతం తీసుకుంటూ, ఇంటికి పొమ్మనే ఈమెయిలు వచ్చిందేమోనని గంటకోసారి చూసుకోవడం.) ఆ కాలంలోనే నేను ఒక క్రోకే క్లబ్బుకి సెక్రటరీనయ్యాను, ఒక చలికాలమంతా దాన్ని నడిపాను, చివరికి ఛాంపియన్‌ని కూడా అయ్యాను. ఈ మూడింటిలో ఆఖరిది అబద్ధం. అది ఒప్పుకోడానికే ఇదంతా రాస్తున్నాను. మొదటి రెండూ మీరు నవ్వుకోడానికి.

మా ఆఫీసు వెనక మంచి పచ్చిక ఉండేది. దాని మీద ఎవరూ నడవకూడదని నాలుగు మూలలా బోర్డులుండేవి. మాకు పని ఇచ్చే విదేశీ కంపెనీ నుంచి వచ్చి రెండేళ్ళున్న ఒక పెద్దాయన తిరిగి వెళ్ళిపోతూ ఒక చెక్కపెట్టె వదిలి వెళ్ళాడు. అందులో పొడుగు కర్రలకి బిగించిన చెక్క సుత్తులు నాలుగు, రంగురంగుల బరువైన బంతులు నాలుగు, నేలలో పాతడానికి ఆరు ఇనుప కమానులు, చెదలు తిన్న ఒక రూల్సు పుస్తకం ఉన్నాయి. పుస్తకంలో అట్ట తప్ప ఏమీ మిగల్లేదు. ప్రతి ఈమెయిలు చివరా నవ్వు బొమ్మ పెట్టే హెచ్ఆర్ మేడం (మేం ఆవిణ్ణి నవ్వుల మేడం అనేవాళ్ళం) మీటింగులో ఆ పెట్టె తెరిచి, "ఈ క్రోకే ఆట ఎవరికైనా వచ్చా?" అని అడిగింది. నా చెయ్యి లేచింది. ఎందుకు లేచిందో ఇప్పటికీ చెప్పలేను. బెంచి మీదున్నవాడి చెయ్యి దానంతటదే లేస్తుందనుకుంటాను.

ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకోవచ్చు కదా అంటారు. చూశాను. రూల్సు అరవై పేజీలున్నాయి. మూడో పేజీలో నిద్రపోయాను. ఎవరో రాసింది చదవడం కంటే మనమే కొత్తగా రాసుకోవడం తేలికనుకునే జాతి మాది, సాఫ్ట్‌వేరు వాళ్ళది. ఆ ఆదివారం గదిలో కూర్చుని, చిన్నప్పటి గోలీలాటనీ బిళ్ళంగోడునీ కలిపి, క్రోకే రూల్సు వెర్షన్ 1.0 విడుదల చేశాను. ఒక్కో కమాను కింద నుంచి బంతిని ముందు దూర్చినవాళ్ళకి ఒక పాయింటు. ఎక్కువ కమానులు దాటినవాళ్ళు గెలిచినట్టు. అంతవరకూ, నా అదృష్టం కొద్దీ, నిజం ఆటకి దగ్గరగానే ఉంది. కానీ ఎదుటివాడి బంతి జానెడు దూరంలో ఉంటే దాన్ని చేత్తో పక్కకి జరపొచ్చనీ, బంతి పువ్వుల పాదులో పడితే తర్వాతి వంతు ఆడకుండా నిలబడాలనీ కూడా రాశాను. టెస్టింగు టీం వాళ్ళు రూల్సులో పదిహేడు తప్పులు పట్టి పంపారు. 1.1 వచ్చింది. తర్వాత 1.2. పొద్దున్నే ఏడింటికి రమ్మంటే ఉద్యోగులు ఐదుగురికి మించి రాకపోవడంతో 2.0లో, మెడలో కార్డున్న ఎవరైనా ఆడొచ్చని మార్చాను. నేను ఆ క్లబ్బుకి చేసిన ఒకే ఒక మంచి పని అది. ఎందుకంటే ఆ వారమే సిస్టరక్క వచ్చింది.

సిస్టరక్క మా ఆఫీసులో ఫస్ట్ ఎయిడ్ గదిలో నర్సు. ఊరు గుంటూరు వైపు, ఉండేది ప్రగతి నగర్‌లో. మా కార్డులకి నీలం తాడు, కాంట్రాక్టు వాళ్ళ కార్డులకి బూడిద రంగు తాడు; ఆవిడది బూడిద రంగు. తెల్ల బూట్లతో పచ్చిక మీదికి వచ్చి, చెక్క సుత్తిని రెండు చేతులా పట్టుకుని, నరం వెతుకుతున్నట్టు ఒక్క క్షణం బంతి వైపు చూసి, కొట్టింది. బంతి సూది దిగినట్టు కమానులోంచి దూరిపోయింది.

"ఇంతేనా అండి ఆట?" అంది.

"ఇంకా చాలా ఉంది అక్కా. రూల్సున్నాయి."

"మీ రూల్సు వారం వారం మారతాయంట కదండీ సెక్రటరీ గారూ? మా ఆయన కూడా ఇన్ని మాటలు మార్చడు."

వారానికి మూడు పొద్దులు ఆడేవాళ్ళం. అందరికంటే ముందు వచ్చేది గడ్డితాత. మా తోటమాలి. వికారాబాద్ వైపు మనిషి. తలకి తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని కమానులు పాతేవాడు. జేబులో ఎప్పుడూ ఒక నూలు దారం ఉండేది. దాన్ని గుంజి పట్టి, కమాను రెండు కాళ్ళూ సమంగా నిలిచాయో లేదో చూసేవాడు. ఒకరోజు నేను చాలా ముందు వచ్చాను. మంచులో పచ్చిక తెల్లగా, పాలగిన్నెలా ఉంది. అందులో తాత ఒక్కడే నిలబడి బంతి కొడుతున్నాడు. బంతి వెళ్ళిన దారంతా మంచుబొట్లు చెదిరి పచ్చటి గీతలు పడ్డాయి. ఒక కమాను నుంచి ఇంకో కమానుకి, అక్కణ్ణుంచి మరో దానికి, ఎవరో స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. నా బంతులు వెళ్ళిన గీతలు ఎలా ఉండేవో నాకు తెలుసు. కోడి నడిచినట్టుండేవి.

"తాతా! నీకీ ఆట వచ్చా?"

ఆయన సుత్తి కింద పెట్టేసి తువ్వాలు సర్దుకున్నాడు. "సారూ, జర ఏమనుకోకు. గీ ఆట నువ్వు చెప్పినట్ల ఆడరు. జవానున్నప్పుడు ఒక పెద్ద బంగ్లల మాలి పని చేసిన. చలికాలమొస్తే దొరసానులు గిదే ఆడుతుండ్రి. కమాన్లు పాతుడంత నేనే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు గంత మంచిగ చెప్తుంటివి. నడుమల ఎందుకు ఆపుడని."

నాకు కాళ్ళకింద పచ్చిక జారినట్టయింది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. "నాకేం పని సారూ, ఫికర్ చెయ్యకు," అన్నాడు. ఆ రోజు నుంచి ఒక అరగంట ముందు వచ్చి ఆయన దగ్గర నేర్చుకునేవాణ్ణి. నేర్చుకున్నది ఏడింటికి నా సొంత సరుకులా అందరికీ చెప్పేవాణ్ణి. అలా 3.0, 4.0 వచ్చాయి. "సెక్రటరీ గారి ఆట బాగా ఎదిగిందండీ," అని సిస్టరక్క మెచ్చుకుంటే తాత కలుపు తీస్తూ తల ఎత్తేవాడు కాదు. ఒక్క సంగతి మాత్రం నేను 4.0లో చేర్చలేదు. బంతి సరిగ్గా కమాను కిందే ఆగిపోతే ఎలా అని అడిగితే, తాత జేబులోంచి దారం తీసి, బంతి వచ్చిన వైపున కమాను కాళ్ళు రెండింటికీ ఆనించి గుంజి చూపించాడు. "దారం బంతికి తాకిందా, ఇంక దాటలే. తాకలేదా, దాటినట్టే. అవుతల దిక్కు బయటికొచ్చిందా లేదా అన్నది అక్కెర లేదు." అప్పటివరకూ నా రూలేమిటంటే, బంతి మొత్తం అవతలికి రావాలి. సీజను మధ్యలో మారిస్తే టెస్టింగు టీం మళ్ళీ గొడవ చేస్తుందని, వచ్చే చలికాలానికి చూద్దాంలే అనుకున్నాను.

మా ఆఫీసు గుమ్మంలో ఒక గోడ ఉండేది. బాగా పని చేసినవాళ్ళవీ, పోటీల్లో గెలిచినవాళ్ళవీ ఫోటోలు అద్దాల ఫ్రేముల్లో దాని మీద పెట్టేవాళ్ళు. ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే రోజున క్రోకే ఫైనల్ అనీ, గెలిచినవాళ్ళకి కప్పు, ఆ గోడ మీద ఫోటో అనీ నవ్వుల మేడం ప్రకటించింది. సిస్టరక్క ఆ వేళ నాతో అంది: "ఆరేళ్ళ నుంచీ ఆ గోడ ముందు నుంచి పోతున్నానండి. బూడిద తాడు వాళ్ళ ఫోటో ఒక్కటీ పడలేదు. నాదొక్కసారి పడాలి. మా పిల్లలిద్దర్నీ తెచ్చి చూపిస్తాను." నేను, "తప్పకుండా పడుతుంది అక్కా," అన్నాను. అంటున్నప్పుడు నిజంగానే అన్నాను.

ఫైనల్లో మిగిలింది ఆవిడా, నేనూ. ఆ ఉదయం ఎండ పల్చటి తేనెలా ఉంది. కుర్చీల్లో కుటుంబాలు, ముందు వరసలో, ఎవరు బెంచి మీద ఉండాలో ఎవరు లేవాలో తేల్చే పెద్దసారు, చేతిలో కప్పు. సిస్టరక్క చర్చికి కట్టుకునే పట్టుచీర కట్టి, కింద అవే తెల్లబూట్లు వేసుకొచ్చింది. ఆరు కమానుల్నీ రెండుసార్లు చుట్టేసరికి చెరి ఆరు పాయింట్లు. ఇక ఒక కమానుని మూడోసారి ఆడాలి; ఆ పదమూడోదే తేల్చాలి. నా బంతి కమాను అవతల పడి ఉంది. ఆవిడ ఇవతల నుంచి, ఆ నరం వెతికే చూపు చూసి కొట్టింది. బంతి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి, కమానులో దూరి, అక్కడే ఆగిపోయింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు.

"దాటేసిందండీ! ఇటుపక్క ఏమీ మిగల్లేదు చూడండి!" అంది సిస్టరక్క.

"రూలేమిటి?" అన్నారు పెద్దసారు. నా వైపే చూస్తున్నారు.

అప్పుడే గడ్డితాత, ఎవరూ పిలవకుండానే, పచ్చిక మీదికి రెండడుగులు వేశాడు. చేతుల్లో దారం గుంజి పట్టి ఉంది. ముప్పై ఏళ్ళ కిందటి అలవాటు ఆయన్ని నడిపించి ఉంటుంది. పెద్దసారు, "ఏంటి తాతా?" అన్నారు. తాత నా ముఖం చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. చాలా చిన్నగా. మెడ మీద చీమ పాకితే ఊపినంత.

తాత దారం వేలికి చుట్టుకున్నాడు. "ఏం లేదు సారూ. కమాన్ వంకరైందేమో అని సూస్తున్న. సారు చెప్పిందే రూలు."

"బంతి మొత్తం బయటికి రావాలి," అన్నాను నేను, సుత్తి ఊతంగా పట్టుకుని. (వెర్షన్ 4.0, ఐదో అంశం. కావాలంటే చూపిస్తానని కూడా అన్నాను. సిగ్గు లేకపోతే మనిషి ఎంత వివరంగా మాట్లాడతాడో!) తర్వాత అవతల నుంచి నా బంతితో ఆవిడ బంతిని వెనక్కి తోశాను. ఆవిడ మళ్ళీ కొట్టింది గానీ బంతి కమాను కాలికి తగిలి పక్కకి పోయింది. నేను దాటాను. చప్పట్లు కొట్టారు. నవ్వుల మేడం ఫోటో తీసింది. సిస్టరక్క తన కూతుళ్ళని దగ్గరికి పిలిచి, "ఈ సారేనే మాకు ఆట నేర్పించింది. నమస్తే చెప్పండి," అంది. ఇద్దరూ చెప్పారు.

సోమవారం పొద్దున్నే వెళితే కమానులు లేవు. తాత మోకాళ్ళ మీద కూర్చుని, కమానులు తీసిన చోట్ల పడ్డ పన్నెండు చిల్లుల్లో ఒక్కొక్క దాంట్లో మట్టి పోసి బొటనవేలితో అదుముతున్నాడు. "సీజన్ అయిపోయింది గద సారూ," అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అంటే బాగుండేది. ఆ వారమే నాకు ప్రాజెక్టు దొరికింది. మరుసటి ఏడాది కంపెనీ మారాను. గోడ మీంచి దించిన ఫోటోని ఫ్రేముతో సహా నాకే ఇచ్చారు. కప్పూ, ఫోటో నాతో పాటు నాలుగు ఇళ్ళు మారాయి. వచ్చిన చుట్టాలకి నా భార్య ఎంతో గర్వంగా చూపిస్తుంటే నేను కాఫీ సంగతి చూడ్డానికి వంటింట్లోకి వెళ్ళేవాణ్ణి.

పోయిన డిసెంబరులో షుగరు పరీక్షకని ప్రగతి నగర్ చెరువు దగ్గర ఒక క్లినిక్కి వెళ్ళాను. కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడిచాను. జుట్టు సగం నెరిసిన నర్సు నా మోచేతి మడత వైపు చూసింది. ఆ చూపు ఎక్కడో చూశానే అనుకునేలోపే, "పిడికిలి బిగించండి సెక్రటరీ గారూ," అంది.

సూది ఆవిడ చేతిలో ఉంది. అంతకంటే మంచి సమయం దొరకదని మొత్తం చెప్పేశాను. తాత, మంచులో గీతలు, దారం, నా తల ఊపు, అన్నీ. ఆవిడ రక్తం తీసి, దూది పెట్టి, "గట్టిగా నొక్కి పట్టుకోండి," అని సొరుగులోంచి చిన్న బైబిలు తీసింది. పేజీల మధ్య గుర్తు కోసం పెట్టిన, మాసిపోయిన నూలు దారం ఒకటి లాగి చూపించింది.

"ఆ సోమవారమే తాత నా గదికొచ్చి ఇచ్చాడండి. గెలిచింది నువ్వేనమ్మా, సారు తప్పు కాదు, నాది, నేనే దారం చుట్టుకున్న అన్నాడు. ఇప్పుడు ఊళ్ళో ఉన్నాడు. పండక్కి ఫోన్ చేస్తాడు. చేసినప్పుడల్లా అదే మాట. ఆ రోజు దారం చుట్టుకోకుండా ఉండాల్సింది అని."

ఆ మాట విన్నాక నేను దూది నొక్కి పట్టుకోవడం మరిచిపోయాను. చొక్కాకి మరకైంది.

"అన్నీ తెలిసి నాకు ఒక్క మాటైనా అనలేదేం అక్కా?"

"బెంచి మీద ఉన్నారు కదండీ అప్పుడు," అంది ఆవిడ.

మర్నాడే కప్పు తీసుకెళ్ళాను. అయ్యో వద్దండీ, మీ దగ్గరే ఉండనివ్వండి అంటుందనుకున్నాను. అనలేదు. రెండు చేతులా లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నేళ్ళకి తెచ్చారు, కాస్త తోమించి తేవొద్దండీ?" అంది. తర్వాత, "ఫోటో సంగతేంటి మరి?" అంది. కిటికీ దగ్గర నిలబెట్టి తీశాను. ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో దారం. తాతకి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. తప్పు నాది తాతా, నీది కాదు అని చెబితే, "గట్లనా సారూ," అని, "అయితే ఇగ నేను మంచిగ నిద్ర పోత," అన్నాడు.

ఇప్పుడు మా హాల్లో గోడ మీద, అదే ఫ్రేములో, సిస్టరక్క ఫోటో ఉంది. ఎవరని అడిగినవాళ్ళకి ఛాంపియన్ అని చెబుతున్నాను. నా పాత ఫోటోని పారేయలేక దాని మీదే ఆవిడ ఫోటో పెట్టి బిగించాను. కొత్త ఫోటో వెడల్పు కాస్త తగ్గింది. అందువల్ల ఎడమ అంచున, సన్నగా, నూలు దారమంత మేర, వెనకున్న కుర్రవాడి నీలం చొక్కా ఇంకా కనబడుతూనే ఉంటుంది. మా ఆవిడ సరిచేస్తానంది. వద్దన్నాను. పొద్దున కాఫీ తాగుతూ దాని వైపు చూస్తే నవ్వొస్తుంది. దారం గుంజి చూస్తే నీకింకా తాకుతుంది నాయనా, అనుకుంటాను. ఇంకా దాటలేదు.