రాయి పోయిన ఊరికి కాగితం

ఆ రోజు పొద్దున కూడా రోజూలాగే లేచాను. ప్రార్థన ముగించి అరుగు కడిగాను. బళ్లారి గాంధీనగర్‌లో ఇప్పుడు ఎవరి అరుగైనా రెండు పూటలా కడగాల్సిందే. ఖనిజం లారీలు దూరంగా పోతున్నా ఎర్రదుమ్ము ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది. పాలు పొయ్యి మీద పెట్టి, టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు నానబెట్టాను. వాటిని పిండుతుంటే పక్క వీధి నుంచి పిన్ని ఫోను.

"పాపా, మీ చిన్నాన్న లేస్తాలేడు. ఒక తూరి రా."

గొంతులో ఏడుపు లేదు. నేను పోయేసరికి ఆయన ఒళ్లు చల్లబడింది. నిద్రలోనే ప్రభువు పిలుచుకున్నాడు.

మీకు ఆయన చరిత్ర సంఘం కార్యదర్శి. మాకు నాన్న తమ్ముడు. నాన్న పోయాక నన్నూ తమ్ముణ్ణీ చదివించినవాడు. నాలుగు మాటలు రాయమని సంఘంవారు అడిగారు. రాస్తాను. ఆయన కాగితం మీద తీసిన వీరగల్లు అచ్చు సంఘానికి ఎందుకు రాలేదో కూడా రాస్తాను. అది మీకు నేనే చెప్పాలి.

మిషన్ బడిలో సోషల్ పాఠం చెప్పి రిటైరయ్యాక ఆయన ఆదివారాలన్నీ పాత శాసనాల రాళ్లవే. ఆరాధన ముగియగానే సంచి తగిలించుకునేవాడు. సిరాను ప్రెస్సు సాబు ఇచ్చేవాడు. సంఘం సభకు సిరిగేరి రైతులు బియ్యం పంపేవారు. చర్చి ఆడవాళ్లం చిత్రాన్నం కట్టి ఇచ్చేవాళ్లం. కాగితం చుట్ట నలగకుండా బస్సు కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించేవాడు. సంఘం అట్లా నడిచింది.

సండూరు దగ్గర ఒక ఊరికి నేనూ వెంట పోయాను. ఊరి మీది కొండవాలులో వీరగల్లు ఉంది. పశువులను కాపాడుతూ చనిపోయిన వీరుడి రాయి. గుర్రం, మనిషి, కింద రెండు వరుసల అక్షరాలు. ఊరివాళ్లు 'అప్ప' అని పిలుస్తూ పసుపు పెట్టి పూజించే రాయి. ఊరిని అడగకుండా చిన్నాన్న ఏ రాయినీ తాకడు. ఆ రాయిని కనిపెట్టుకుని ఉండే అవ్వ దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"కడగల్లా వద్దా నువ్వే చెప్పవ్వా."

"కడుగప్పా. కడిగినాక మా అప్ప ముగం బోడిగా ఇడ్సిపోవద్దు, అంతే."

రాయి కడిగి, దానంతటి మీదా తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో మెల్లగా కొట్టాడు. పైన సిరాగుడ్డ అద్దాడు. రాయి నల్లగా, అక్షరాలు తెల్లగా కాగితం మీదికి వచ్చాయి. అచ్చు ఆరినా ఆయన కదల్లేదు. అవ్వ మళ్లీ పసుపు పూసి, బొట్టు పెట్టేదాకా ఎండలోనే నిలబడ్డాడు.

"మీ ఏసయ్య చూస్తాండాడేమో సూడప్పా," అని అవ్వ నవ్వింది.

"చూడనీలేవ్వా. ఆయప్ప కూడా గొర్రెలు కాసినోడే."

తర్వాత గనులు ఆ కొండకూ వచ్చాయి. రాయిని బళ్లారికి తెచ్చి ఏదైనా షెడ్డులో నిలబెడదామని సంఘంలో కొందరన్నారు. మా తమ్ముడు అప్పటికే లారీ కొన్నాడు.

"నా బండ్లో యేసుకొస్తా చిన్నాన్నా. ఒక పూట పని," అన్నాడు.

"వద్దురా. యాడ సచ్చినాడో ఆడ నిలబెట్టినారు. ఈడికి తెస్తే వట్టి బండ."

ఊరూ ఆయన మాటే మాట అంది. ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగాడు. వినతులు ఇచ్చాడు. అందరూ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఈలోగా లారీల కోసం కొండదారి వెడల్పు చేశారు. ఒకరోజు పోయి చూస్తే రాయి లేదు. ఎవరు తీశారో, ఏ మట్టికుప్ప కింద ఉందో చెప్పేవాళ్లు లేరు.

అవ్వ కోపం చేసుకోలేదు. "ఉండనీ అంటివి కదప్పా," అంది. అంతే.

ఆ తర్వాత చిన్నాన్న సభల్లో పెద్దగా మాట్లాడలేదు. మీరు అలసట అనుకున్నారు. కుటుంబ ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పాక, ఆ ఊరి పేరు కూడా చెప్పి ఆగేవాడు. దానికి ఏం అడగాలో ఆయనకు తెలిసేది కాదు.

సమాధి కార్యక్రమానికి సంఘం మొత్తం వచ్చింది. అచ్చును అద్దం కట్టించి సంఘం గదిలో పెడతామని అధ్యక్షులు మర్యాదగా అడిగారు. సరే అనబోయాను. అప్పుడు గేటు దగ్గర అవ్వ కనబడింది. ఎవరో చెబితే బస్సెక్కి వచ్చింది.

"ఆ కాగితం ఒకసారి సూడొచ్చా పాపా?"

ఇంటికి తీసుకొచ్చి మంచం మీద పరిచాం. అవ్వ వంగి చూసింది. "గుర్రం చెవి ఇరిగింటాది. అట్లే ఉండాది," అంది. నడుం ఎత్తి, "ఇది మా ఊరికి ఇయ్యండమ్మా. మాకేమీ లేదు," అంది.

అందరూ వెళ్లాక ఇంట్లో పిన్ని, తమ్ముడు, నేను కూర్చున్నాం. అవ్వ అరుగు మీద ఉంది.

"సంఘానికియ్యి అక్కా. ఆ ఊర్లో పసుపు, కుంకుమ, పొగ. రెండేండ్లకు చిరిగిపోతాది."

"మీ చిన్నాన్న ఉంటే ఏమనేవాడో," అంది పిన్ని.

ఎవరికీ తెలియలేదు. ఆయన మాట పట్టుకునే కదా ఊరు రాయిని పోగొట్టుకుంది. ఇక ఆయన మాట వెతకడం న్యాయం కాదనిపించింది. ప్రార్థనకు కళ్లు మూసుకున్నాను. అవ్వ దగ్గు మాత్రం వినిపించింది.

"ఊరికే ఇద్దాం," అన్నాను. "చిరిగితే చిరగనీ. వాళ్ల చేతుల్లో చిరుగుతాది."

పిన్ని తల ఊపింది. ఫోటో తీయించి సంఘానికి పంపుతాం. అది అచ్చుకు సమానం కాదని మీకూ నాకూ తెలుసు. మన్నించండి.

తమ్ముడు లేచి అరుగు మీదికి పోయాడు. వెడల్పు చేసిన ఆ దారిలోనే అతని లారీ తిరుగుతుంది.

"పొద్దున బండి ఖాళీగా పైకి పోతాదవ్వా. నిన్నూ కాగితాన్నీ ముందర కూర్చోబెట్టుకుని పోతా. యాడ దింపల్ల?"

"అప్ప ఉన్న జాగా ఇప్పుడు రోడ్డయింది గదప్పా. ఆడ ఒక గడియ నిలుపు. ఆమీద ఊర్లేకి పోదాం."

"యెనక బండ్లోళ్లు హారన్ కొడ్తారవ్వా."

"కొట్టనీ."

తమ్ముడు ఆమె పక్కన కూర్చున్నాడు.

"నిలుపుతా," అన్నాడు.