చిన్నాన్న కొలిచిన రెండు జానలు

నవంబరు 15, శనివారం. తెల్లవారుజామున నాన్న జీపు లైట్లు వేస్తే వెలుగు రోడ్డు మీద పడలేదు, ఎదురింటి మేడ కిటికీకి తగిలింది. వెనక తగిలించిన వంటసామాన్ల ట్రాలీ బరువుకు జీపు కుంగి, మూతి పైకెత్తింది. మొన్న విల్లియనూరు దారిలో ట్రాలీ పాములా ఊగినప్పటి నుంచి స్టీరింగు పట్టాలంటే నాన్నకు భయం. చిన్నాన్న పోయి రేపటికి పదహారో రోజు, కర్మ భోజనాలు విల్లియనూరులో. ఇన్నేళ్లూ మా వంట కాంట్రాక్టులకు ఈ బండి తోలింది చిన్నాన్నే. ఆయన భోజనానికి గిన్నెలు అద్దె వ్యానులో పోతే నాన్న తట్టుకోలేడు.

అందుకే ట్రాలీతో సహా మేట్టుపాళయం పారిశ్రామిక వాడలోని మెకానిక్ షెడ్డుకు బయలుదేరాం. మా నెల్లితోపు నుంచి మామూలుగా ఇరవై నిమిషాలు. ఆగని వానలో, భయం భయంగా, ముప్పావు గంట పట్టింది. కంపెనీ బస్సులు కదలకముందే వెళ్లడం మంచిది. చిన్నాన్న తువ్వాలు ఇంకా అద్దం పక్కనే వేలాడుతోంది.

షెడ్డు నడిపే గోవిందరాజు మామ మాకు పాత పరిచయం. జీపు వెనక ఇరుసుకూ చట్రానికీ మధ్య రెండు రబ్బరు గాలి స్ప్రింగులు బిగించింది ఆయనే. బరువు లాగేటప్పుడు వాటిలో గాలి నింపితే వెనక భాగం కుంగదు.

"ఏంది అన్నా, బండి ఇట్ట కూలబడి ఉండాది? గాలి ఎంత పెట్టినావు?"

"తమ్ముడు చెప్పినట్టే. చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు దాకా రెండు జానలు వచ్చేదాకా."

"ఎవురి జాన?"

"నాదే. ఇంకెవురిది?"

"సరిపోయె! నీ తమ్ముడి చెయ్యి దోసె పెనం మాదిరి ఉండె. నీది ఇడ్లీ అంత!"

నాన్న నవ్వబోయి ఆగిపోయాడు.

మామ సబ్బునీళ్లు పోసి చూశాడు. గాలి ఎక్కడా కారడం లేదు. ట్రాలీ విప్పించి, స్ప్రింగుల్లో నామమాత్రపు గాలి ఉంచి, టేపుతో కొలిచాడు: పంతొమ్మిది అంగుళాలు. ట్రాలీ ముందు కొసన బరువు పెడుతున్న పెద్ద గ్రైండరును షెడ్డులో దించేసి, మళ్లీ ట్రాలీ తగిలించి, రెండు వైపులా సమానంగా, ఆ కొలత వచ్చేదాకా నింపాడు.

"ఈ గాలి బండిని లేపతాది పాపా, బలం పెంచదు. మోయలేనిది మోయించొద్దు."

ఆరువందలు తీసుకున్నాడు. తిరుగుదారిలో ట్రాలీ ఊగలేదు. నాన్న మాత్రం మెల్లగానే తోలాడు. ఇంటి ముందు ఆగాక డాష్‌బోర్డు మీద టేపు పరిచి, తన అరచేతిని బలవంతంగా చాచాడు. "పంతొమ్మిదిలో సగం... వాడి జాన ఇంత," అన్నాడు. వేలి కొసకూ టేపు మీది తొమ్మిదిన్నర గీతకూ మధ్య ముప్పావు అంగుళం మిగిలిపోయింది.

చిన్నాన్న తన కొలతను ఎక్కడా రాసిపెట్టలేదు. రాయాలని మాకూ తోచలేదు. ఆ చెయ్యి ఎప్పుడూ ఉంటుందనుకున్నాం. ఈ మాట రాస్తుంటే కూడా ఆయన లేడని నమ్మబుద్ధి కావడం లేదు. ఇలాంటి స్ప్రింగులు వేయించుకునేవాళ్లు ఖాళీ బండి ఎత్తును టేపుతో కొలిచి, మడ్‌గార్డు లోపల చెరగని సిరాతో రాసుకోండి. మాది రాసేశాను.

ఇప్పటికి ట్రాలీ విప్పి గాలి తగ్గించాం. రేపు ఉదయం ఐదింటికి మళ్లీ తగిలించాలి. గాలి నాన్న పెడతాడు, టేపు నేను పడతాను. ముందు ఒకసారి జానతో కొలుస్తానంటున్నాడు. కొలవనిస్తాను.